కౌంటర్ వెనక కంప్యూటర్: రసీదు రాకపోతే ఏం చూడాలి



గుడి ఆఫీసు గదిలో ప్రింటర్ బల్ల కింద ఒక నల్లటి కంప్యూటర్ డబ్బా ఉంది. దాని మీద "ఆపవద్దు" అని కాగితం అంటించి ఉంటుంది. అర్చన, అభిషేకం రసీదులు, అన్నదానం టోకెన్లు, బాల విహార్ పిల్లల హాజరు ఇప్పుడు దాని నుంచే నడుస్తున్నాయి. శివరాత్రి నాడు ఇంటర్నెట్ పోయినా రసీదులు ఎలా వచ్చాయని కొందరు అడిగారు. ఇంటర్నెట్ బాగానే ఉన్నా ఉగాది నాడు అరగంట సేపు రసీదులు ఎందుకు రాలేదని ఇంకొందరు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కౌంటర్లో కూర్చునే వాలంటీర్లు ప్రతి వారం మారతారు కనుక, ఆ డబ్బా ఏం చేస్తుందో, మొరాయిస్తే ఎక్కడ చూడాలో నలుగురికీ తెలిసి ఉండటం మంచిది.

వెబ్ సర్వర్ అనగానే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రం అనుకుంటాం. నిజానికి అది ఒక ప్రోగ్రాం మాత్రమే. బ్రౌజర్ "ఫలానా పేజీ ఇవ్వు" అని అడిగితే ఇస్తుంది, అంతే. అది కాలిఫోర్నియాలో ఉండొచ్చు, బల్ల కిందా ఉండొచ్చు. బల్ల కింద ఉంటే కౌంటర్ ల్యాప్‌టాప్ నుంచి దాని దాకా వెళ్లే దారి మన గోడల మధ్యనే ఉంటుంది. బయట వీధిలో కేబుల్ తెగినా ఆ దారి తెగదు. శివరాత్రి నాడు జరిగింది అదే. ఆ రోజు కార్డు మిషన్ మాత్రం పనిచేయలేదు, ఎందుకంటే కార్డు లావాదేవీ బ్యాంకు దాకా వెళ్లాలి. దానికి ఇంటర్నెట్ తప్పదు. మన డబ్బాలో కార్డు నంబర్లు ఏవీ ఉండవు, ఇకముందు కూడా ఉండవు.

డబ్బాలో ఉన్నది ఐదారు వందల డాలర్ల మామూలు విండోస్ కంప్యూటర్. దాని మీద జాంప్ అనే ఉచిత ప్యాకేజీ వేశాం. అందులో మూడు ముఖ్యమైన భాగాలున్నాయి. పేజీలు అందించే అపాచీ మొదటిది. ఇది 1995 నుంచి ఉన్న పాత కాపు, ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లు దీని మీదే నడిచాయి. పేర్లు, గోత్రాలు, మొత్తాలు దాచేది మరియాడీబీ అనే డేటాబేస్. జాంప్ తెర మీద ఇది మైఎస్‌క్యూఎల్ అన్న పేరుతో కనిపిస్తుంది, కంగారు పడవద్దు. ఈ రెండింటి మధ్య లెక్క చూసి రసీదు తయారుచేసేది పీహెచ్‌పీ భాషలో రాసిన మన ప్రోగ్రాం.

ఇక చిరునామా సంగతి. మన ఆఫీసు నెట్‌వర్కులో ఆ డబ్బాకి 192.168.1.50 అనే నంబరు ఇచ్చాం. 192.168తో మొదలయ్యే నంబర్లు ఇంటి లోపలి వాడుకకే. బయట ఇంటర్నెట్‌లో వాటికి అర్థం లేదు. అందుకే ఇంటి నుంచి ఆ నంబరు కొడితే మన గుడి పేజీ రాదు. మామూలుగా రూటర్ ఈ నంబర్లను తోచినట్టు పంచుతుంది. ఈ రోజు 50 ఇచ్చిన వాళ్లకి రేపు 63 ఇవ్వగలదు. అలా మారకుండా ఈ యంత్రానికి ఎప్పుడూ ఇదే నంబరు ఇవ్వాలని రూటర్‌లోనే రాసిపెట్టాం.

ఒకే చిరునామాలో చాలా కిటికీలు ఉంటాయి. వాటిని పోర్టులు అంటారు. వెబ్ పేజీలకు 80వ కిటికీ, డేటాబేసుకు 3306వ కిటికీ. టికెట్ కౌంటర్లో లాగే ఒక కిటికీ దగ్గర ఒకరే కూర్చోగలరు. ఈ విషయం గుర్తుంటే ముందు చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది.

పేజీ రాకపోతే

కౌంటర్లో పేజీ రాకపోతే అందరూ ముందు చేసే పని రూటర్ ఆపి వెయ్యడం. దయచేసి ఆ పని ఆఖరున చేయండి. పండగ రోజున అలా చేస్తే పనిచేస్తున్న కార్డు మిషన్ కూడా ఆగిపోతుంది.

ముందు ఆ డబ్బా దగ్గరికే వెళ్లి, దాని కీబోర్డు మీదే బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ అని గానీ 127.0.0.1 అని గానీ కొట్టండి. 127.0.0.1 అంటే "నాలోనే వెతుకు" అని అర్థం. కేబుల్, వైఫై, రూటర్ వేటితోనూ పని లేదు. అక్కడ రసీదు పేజీ వస్తే సర్వర్ బాగానే ఉన్నట్టు, లోపం దారిలో ఉంది. అక్కడ కూడా రాకపోతే లోపం డబ్బాలోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష చేసి చెప్తే చాలు, ఫోనులో మనం వెతుక్కునే సమయం సగానికి సగం తగ్గుతుంది.

డబ్బాలోనే రాలేదనుకోండి. జాంప్ కంట్రోల్ ప్యానెల్లో అపాచీ, మైఎస్‌క్యూఎల్ రెండూ ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూడండి. విండోస్ అర్ధరాత్రి అప్‌డేట్ వేసుకుని తనంతట తాను రీస్టార్ట్ అయ్యే అలవాటు ఉన్నది. చేత్తో మొదలుపెట్టిన ప్రోగ్రాములు ఆ తర్వాత తిరిగి లేవవు. అందుకే ఈ రెండింటినీ విండోస్ సర్వీసులుగా మార్చాం. ఎవరూ లాగిన్ కాకపోయినా అవే లేస్తాయి. కంప్యూటర్ నిద్రపోకుండా పవర్ సెట్టింగులు కూడా మార్చాం.

అపాచీ స్టార్ట్ నొక్కినా వెంటనే ఎర్రబడితే, ఎక్కువ సార్లు కారణం 80వ కిటికీ దగ్గర ఇంకెవరో కూర్చోవడమే. విండోస్‌లోనే ఐఐఎస్ అనే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ దాగి ఉంటుంది. ఏదో లెక్కల ప్రోగ్రామో, ప్రింటర్ ప్రోగ్రామో వేసినప్పుడు అది చెప్పకుండా మేలుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్ కుడి పక్కన నెట్‌స్టాట్ అనే బటన్ ఉంది, అది నొక్కితే ఏ కిటికీలో ఎవరున్నారో జాబితా వస్తుంది. 80 ఎదురుగా అపాచీ కాక వేరే పేరుంటే ఆ పేరు నాకు చెప్పండి. అపాచీని 8080కి మార్చి తాత్కాలికంగా నడపవచ్చు గానీ, అప్పుడు ప్రతి కౌంటర్లోనూ చిరునామా చివర ఆ నంబరు కలపాలి. పండగ హడావుడిలో అది కొత్త గందరగోళం. ఆ కంప్యూటర్ మీద వేరే ఏ ప్రోగ్రామూ వేయకపోవడమే ఉత్తమం.

మైఎస్‌క్యూఎల్ లేవకపోతే మాత్రం జాగ్రత్త. కరెంటు పోయినప్పుడో, ఎవరైనా వైరు పీకినప్పుడో రాస్తున్న రాత మధ్యలో ఆగుతుంది. చాలావరకు అది తిరిగి మొదలైనప్పుడు తనే సరిచేసుకుంటుంది, కాబట్టి ఒకసారి స్టార్ట్ నొక్కి చూడవచ్చు. అప్పటికీ లేవకపోతే ఆపేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే "డేటా ఫోల్డర్లో ఈ ఫైళ్లు తీసేయండి, పనిచేస్తుంది" అనే సలహాలు కనిపిస్తాయి. అలా చేస్తే పచ్చరంగు వస్తుంది, నిజమే. ఆ పచ్చరంగు వెనక మూడేళ్ల విరాళాల లెక్క ఉండకపోవచ్చు. ఒక్క ఫైలు కూడా తీయవద్దు. రసీదు పుస్తకం తీసి చేత్తో రాయడం మొదలుపెట్టండి, మిగతాది తర్వాత చూసుకుందాం.

డబ్బాలో పేజీ వచ్చి కౌంటర్లో రాకపోతే, ముందు ల్యాప్‌టాప్ ఏ వైఫై మీద ఉందో చూడండి. భక్తుల కోసం పెట్టిన గెస్ట్ వైఫై నుంచి ఆఫీసు యంత్రాలు కనిపించవు. అది లోపం కాదు, కావాలనే అలా పెట్టాం. ఉగాది నాటి అరగంట సంగతి వేరు. అంతకు ముందు వారం ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు వచ్చి రూటర్ మార్చి వెళ్లారు. కొత్త రూటర్‌కి మనం రాసిపెట్టిన 50 నంబరు సంగతి తెలియదు, వేరే నంబరు ఇచ్చింది. అది కనిపెట్టి సరిచేసినా పేజీ రాలేదు. ఎందుకంటే విండోస్ దృష్టిలో అది కొత్త నెట్‌వర్కు. కొత్త నెట్‌వర్కును అది విమానాశ్రయం వైఫై లాంటిదని అనుమానించి పబ్లిక్ అని ముద్ర వేస్తుంది. మన ఫైర్‌వాల్ అనుమతి ప్రైవేట్ నెట్‌వర్కుకే ఇచ్చాం. ముద్ర మార్చగానే క్యూ కదిలింది. ఇకమీదట రూటర్ మార్చడానికి ఎవరైనా వస్తే పండగ ముందు వారం కాకుండా చూడమని కార్యవర్గాన్ని కోరాను.

తెర మీద వచ్చే అంకెలు కూడా కాస్త చదవండి. 404 అంటే సర్వర్ బతికే ఉంది, మీరు అడిగిన పేజీ పేరు తప్పు. 403 అంటే పేజీ ఉంది, మీకు అనుమతి లేదు. డేటాబేసు చూసే పేజీని కౌంటర్ నుంచి తెరిస్తే ఇదే వస్తుంది, రావాలి కూడా. 500 అంటే మా ప్రోగ్రాంలో తేడా. అది వస్తే మీరేం చేయనక్కర్లేదు, టైము రాసిపెట్టండి. అపాచీ లాగ్‌లో ఆ నిమిషం దగ్గర వెతుకుతాం.

తేదీ, తెలుగు పేర్లు

పేజీ చక్కగా వచ్చినా రసీదులో తప్పు దొర్లే అవకాశాలు ఇంకో రెండు ఉన్నాయి. నాకు ఇవే ఎక్కువ ముఖ్యం అనిపిస్తాయి, ఎందుకంటే పేజీ రాకపోతే అందరికీ తెలుస్తుంది, తప్పు రసీదు వస్తే ఎవరికీ తెలియదు.

జాంప్ వేసినప్పుడు పీహెచ్‌పీ గడియారం బెర్లిన్ సమయానికి పెట్టి ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని ప్రోగ్రాం తేదీ వేస్తే, శీతాకాలంలో మన ఈస్టర్న్ సమయం సాయంత్రం 6 గంటలకే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. మామూలు రోజుల్లో ఒక రోజు తేడాని ఎవరూ పట్టించుకోరు. కానీ డిసెంబరు 31 సాయంత్రం కొత్త సంవత్సరం దర్శనానికి వచ్చి చెక్కు ఇచ్చిన వారి రసీదు మీద జనవరి 1 పడితే, వారి విరాళం ఇంకో పన్ను సంవత్సరంలోకి జారిపోతుంది. 250 డాలర్లు, ఆ పైన ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు కోరాలంటే గుడి ఇచ్చిన లిఖితపూర్వక రసీదు ఉండాలని ఐఆర్ఎస్ నియమం. కనుక ఇది చిన్న విషయం కాదు. మన గడియారాన్ని మొదటి పరీక్షల్లోనే న్యూయార్క్ సమయానికి మార్చాం. వేసవి, శీతాకాలం గంట మార్పు కూడా అదే చూసుకుంటుంది. అయినా డిసెంబరు చివర్లో విరాళం ఇచ్చినవారు రసీదు తీసుకోగానే తేదీ ఒకసారి చూసుకోండి.

రెండోది తెలుగు పేర్లు. అర్చకస్వామి కోసం గోత్రనామాలు తెలుగులో అచ్చువేస్తున్నాం. డేటాబేసులో ఆ గడిని పాత ఇంగ్లీషు పద్ధతిలో తయారుచేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులవుతాయి. అలా ప్రశ్న గుర్తులుగా ఒకసారి దాచుకుంటే అసలు పేరు పోయినట్టే, ఏ ఇంజనీరూ వెనక్కి తేలేడు. పిచ్చి గీతల్లాంటి యూరప్ అక్షరాలు కనిపిస్తే మాత్రం తరచుగా లోపల అసలు అక్షరాలు భద్రంగానే ఉంటాయి, చదివే పద్ధతి తప్పింది అంతే. కోశాధికారి గారు జాబితాని ఎక్సెల్లో తెరిచినప్పుడు కనిపించింది ఈ రెండో రకమే. ఇప్పుడు అన్ని గడులూ యూనికోడ్‌లోకి మార్చాం. భారద్వాజ గోత్రాన్ని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసిన సమస్య అలాగే ఉంది. అది కంప్యూటర్ తీర్చేది కాదు, మీ కుటుంబ వివరాల పేజీ ఒకసారి చూసి సరిచేయండి.

ఇంటి నుంచి చూడవచ్చా?

చాలామంది అడుగుతున్నారు. రూటర్‌లో ఒక చిన్న మార్పు చేస్తే మన డబ్బా బయట ప్రపంచానికి కనిపిస్తుంది, అది ఐదు నిమిషాల పని. నేను ఒప్పుకోలేదు, కార్యవర్గమూ ఒప్పుకోలేదు. జాంప్ ప్రోగ్రాం రాసేవాళ్ల సౌలభ్యం కోసం చేసిన ప్యాకేజీ అని దాని తయారీదారులే చెబుతారు. వేసినప్పుడు డేటాబేసు అధికారి ఖాతాకి పాస్‌వర్డ్ కూడా ఉండదు. మనం పెట్టాం, అయినా సరే. అందులో మీ ఇంటి చిరునామాలు, పిల్లల పేర్లు, పుట్టిన నక్షత్రాలు, ఎవరు ఎంత ఇచ్చారన్న లెక్క ఉన్నాయి. బయటి నుంచి పూజ బుక్ చేసుకోవడానికి మన పబ్లిక్ వెబ్‌సైటు ఉంది, దాన్ని హోస్టింగ్ కంపెనీ కాపలా కాస్తుంది. ఆ రెండింటినీ కలపకపోవడమే మేలు.

అన్నదానం టోకెన్ల మీది క్యూఆర్ కోడ్‌ని ఫోను కెమెరాతో ఎందుకు చదవలేకపోతున్నామని యువ వాలంటీర్లు అడిగారు. బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ తాళం లేని పేజీకి కెమెరా ఇవ్వవు. డబ్బా మీదే తెరిచే లోకల్‌హోస్ట్‌కి ఆ నియమం లేదు కనుక అక్కడ పనిచేసింది, ఫోన్లలో పనిచేయలేదు. ప్రస్తుతానికి యూఎస్‌బీ స్కానర్ కొన్నాం. అది కీబోర్డు లాగే ప్రవర్తిస్తుంది, ఎవరి అనుమతీ అడగదు.

బ్యాకప్ ప్రతి రాత్రి 11 గంటలకు ఒక యూఎస్‌బీ డ్రైవులోకి వెళ్తుంది. అలాంటివి రెండున్నాయి, రెండింటికీ పాస్‌వర్డ్ తాళం ఉంది. ఆదివారం నాడు ఒకటి గుడి బయటికి వెళ్తుంది, రెండోది దాని చోట్లోకి వస్తుంది. మూడు నెలలకోసారి ఆ కాపీని వేరే ల్యాప్‌టాప్ మీదికి ఎక్కించి నిజంగా తెరుచుకుంటోందా అని చూస్తున్నాం. ఈ నెల పరీక్షలో తెరుచుకుంది, మొత్తాలు లెక్కల పుస్తకంతో సరిపోయాయి.

వచ్చే త్రైమాసికంలో ఈ పని నాతో పాటు నేర్చుకోవడానికి ఇద్దరు కావాలి. ప్రోగ్రామింగ్ తెలియనక్కర్లేదు, ఆదివారం డ్రైవు మార్చగలిగితే చాలు. హైస్కూలు పిల్లలైతే సేవా గంటలుగా కూడా లెక్కవుతుంది, ఆఫీసులో పేరు ఇవ్వండి. చేతిరాత రసీదు పుస్తకాలు కౌంటర్ బల్ల రెండో సొరుగులో ఉన్నాయి, తాళం అర్చకస్వామి దగ్గర ఉంటుంది.