టోల్‌గేటు దగ్గర పనికొచ్చేది ఏ కార్డు?

హౌరా పక్కన సంత్రాగాఛిలో కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కాస్త దూరం పోతే పదహారో నంబరు జాతీయ రహదారి తగులుతుంది. ఒడిశా దాటి, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి దిగి, విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై దాకా పోయే దారి అది. రైల్వే కొలువులకని ఖరగ్‌పూర్, హౌరా వైపు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కారులో సొంతూరు వెళ్లాలన్నా అదే దారి. సంత్రాగాఛి దాటాక వచ్చే టోల్‌ప్లాజా ధూలాగఢ్‌లో ఉంది.

సైన్యంలో కాలో చెయ్యో పోగొట్టుకున్న మాజీ సైనికుడు అక్కడ తన గుర్తింపు కార్డు చూపిస్తే గేటు లేస్తుందా? లేవదు. 1901 నాటి టోల్ చట్టం ఇచ్చిన మినహాయింపు విధుల్లో ఉన్నవాళ్లకే. రిటైరైనవారి సొంత కారుకు అది వర్తించదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల్లో మాత్రం రెండు దారులున్నాయి. పరమవీర చక్ర, అశోక చక్ర, మహావీర చక్ర, కీర్తి చక్ర, వీర చక్ర, శౌర్య చక్ర పొందినవారికి ఫొటో గుర్తింపు కార్డు మీద మినహాయింపు ఉంది. సేనా మెడల్ ఆ జాబితాలో లేదు. రెండోది, శారీరక వైకల్యం ఉన్నవారి కోసం ప్రత్యేకంగా తయారైన వాహనం. అంటే మినహాయింపు మనిషికి కాదు, బండికి! మామూలు కారు కొని నడిపే వికలాంగ సైనికుడు టోల్ కట్టాల్సిందే. ఇది న్యాయంగా లేదనిపించినా నియమం మాత్రం అదే.

కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఆర్‌సీ. బండిని చేతితో నడిపేలా మార్పించుకుంటే ఆ మార్పు ఆర్టీఓ రికార్డుకెక్కాలి. 2020 అక్టోబరులో చేసిన సవరణతో, రిజిస్ట్రేషన్ దరఖాస్తులో యజమాని ‘దివ్యాంగజన్’ అని నమోదు చేసుకునే వీలు కూడా వచ్చింది. మినహాయింపు ఉన్న బండ్లకు ప్రత్యేక ఫాస్టాగ్ ఇస్తారు. అది లేకపోతే మామూలు ఫాస్టాగ్‌లోంచి డబ్బు కట్ అవుతుంది.

హుగ్లీ నది మీది విద్యాసాగర్ సేతు సంగతి వేరు. అక్కడి వసూళ్లు హుగ్లీ రివర్ బ్రిడ్జ్ కమిషనర్ల చేతిలో ఉన్నాయి కాబట్టి మినహాయింపుల సంగతి వాళ్లనే అడగాలి. వాహన పన్ను కూడా రాష్ట్రాల అంశమే. ఆంధ్రలో దొరికిన రాయితీ బెంగాల్‌లోనూ అలాగే ఉంటుందనుకోవద్దు. చిన్న కార్ల మీద ఒకప్పుడు వికలాంగులకు రాయితీగా దక్కిన 18 శాతం జీఎస్టీయే 2025 సెప్టెంబరు 22 నుంచి అందరికీ వర్తిస్తోంది.

ఇక పార్కింగ్. అమెరికాలో అద్దానికి తగిలించే ప్లకార్డు లాంటిది మన దేశమంతటా చెల్లేలా ఇంకా రాలేదు. అయినా చోటు అడిగే హక్కు ఉంది. రైల్వేస్టేషన్లు, బస్టాపుల్లో పార్కింగ్ వికలాంగులకు అనువుగా ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆ గడి వెడల్పు కనీసం 3.6 మీటర్లు. తలుపు పూర్తిగా తెరిచి చక్రాల కుర్చీలోకి మారడానికి అంత కావాలి. గడి ప్రవేశద్వారానికి దగ్గర్లో ఉండాలి. సంత్రాగాఛి స్టేషన్‌లో 2018 అక్టోబరు 23న కాలివంతెన మీద తొక్కిసలాట జరిగి ఇద్దరు చనిపోయారు. అలాంటి రద్దీలో కృత్రిమ కాలితో మెట్లెక్కాలా వద్దా అన్నది కారు ఎక్కడ ఆపనిచ్చారన్న దాన్నిబట్టే ఉంటుంది.

సైనిక మెడికల్ బోర్డు రాసిన వైకల్య శాతం పెన్షన్ లెక్కకు. పౌర రాయితీలకు అడిగేది వికలాంగులకిచ్చే విశిష్ట గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ. అది లేనివాళ్లు ముందు దానికి దరఖాస్తు పెట్టండి. సర్వీసు ముగిశాక వికలాంగులైన మాజీ సైనికులకు మార్పు చేసిన స్కూటరు కొనడానికి కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం చేస్తుంది. ఆ వివరాలు జిల్లా సైనిక్ బోర్డులో కనుక్కోండి.