మీకు తెలుసా? కొరమీనుకు ఆరక్షరాలు, రొయ్యకు అయిదే

ఏలూరు మార్కెట్లో గంపలో ఎగిరిపడే కొరమీనుకీ, దాన్ని బేరమాడే మనిషికీ, సముద్రంలో దిబ్బలు కట్టే పగడపు జీవికీ క్రోమోజోముల కొసల్లో ఒకటే రాత: టీటీఏజీజీజీ, మళ్లీ మళ్లీ అదే. కొల్లేరు పక్క చెరువుల్లో పెంచే వనామి రొయ్యకు మాత్రం ఓ అక్షరం తక్కువ, టీటీఏజీజీ. రొయ్య పురుగుల వైపు చుట్టం మరి!

ఈ కొసలే టెలోమియర్లు. డీఎన్ఏ తెగిందేమోనని పొరబడి కణం వీటిని ఒకదానికొకటి అతికించేయకుండా మనలో ఆరు ప్రొటీన్ల జట్టు, షెల్టరిన్, కాపు కాస్తుంది. అందులో పాట్1 పని, ఒంటిపోగుగా మిగిలిన చివరను కప్పి ఉంచడం. దాని బంధువులు మంచినీటి ఏకకణ జీవుల్లోనూ ఉన్నాయి. అలాంటి టెట్రాహైమినాలోనే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ 1978లో టెలోమియర్ రాతను బయటపెట్టారు. అక్కడది టీటీజీజీజీజీ.