మాస్కు సరిగ్గా కూర్చుందా?

పటేల్‌గూడలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. పడుకుంటే పెద్ద గురక. గురక పెట్టి పెట్టి ఒక్కసారిగా ఊపిరి ఆగిపోతుంది. కాసేపటికి ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తాడు. పక్కనున్న భార్యకు భయంతో నిద్ర ఉండదు. పొద్దున ఆయనకు తలనొప్పి. డ్యూటీలో కునుకుపాట్లు. మిషన్ ముందు కునుకు వస్తే? బండి నడుపుతుంటే కునుకు వస్తే?

ఇది జబ్బే. పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులైపోతాయి. గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. రాత్రంతా ఇట్లా ఎన్నోసార్లు జరుగుతుంది. ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

నిద్రలో పరీక్ష చేసి, అవసరమైతే డాక్టరు సీపాప్ మిషన్ రాస్తారు. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివాన్, ఆయన తోటివారు ఈ పద్ధతిని లోకానికి తెలిపారు. మిషన్ గొట్టం ద్వారా మాస్కులోకి గాలి పంపుతుంది. గాలి నింపితే సైకిల్ ట్యూబు ఉబ్బి నిలుస్తుంది కదా! అట్లనే ఈ గాలి గొంతును మూసుకుపోకుండా ఉంచుతుంది.

అయితే మాస్కు ఒత్తుకుంటే నిద్ర రాదు. "ఇది నాతోని కాదు" అని మంచం కింద పెట్టేస్తారు. అక్కా, చెప్పు కరిస్తే నడక మానేస్తామా? వేరే కొలత చూస్తాం. మాస్కు కూడా అంతే. చిన్నవి, పెద్దవి ఉంటాయి. ముక్కుకు పెట్టేవి, ముక్కుకూ నోటికీ కలిపి పెట్టేవి ఉంటాయి.

సరిపోయిందో లేదో ఎట్లా చూడాలి?

ముందు ముఖం కడగాలి. జిడ్డు ఉంటే మాస్కు జారుతుంది.

పడుకునే చూడాలి. మిషన్ నడుస్తుండాలి. కూర్చుంటే సరిపోయిన మాస్కు పడుకుంటే వదులు కావచ్చు.

ఎడమకు, కుడికి తిరగమనండి. మాస్కు అంచుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. కళ్లలోకి గాలి కొడుతోందా? కొడితే కళ్లు ఎర్రబడతాయి.

గాలి పోతోందని వెంటనే పట్టీలు బిగించకండి. మాస్కును కొంచెం పైకి లేపి మళ్లీ కూర్చోబెట్టండి. అప్పటికీ పోతుంటే రెండు పక్కలా సమంగా, కొద్దికొద్దిగా బిగించండి. పట్టీ కింద వేలు దూరాలి.

మాస్కుకు సన్నని రంధ్రాలు ఉంటాయి. అవి వదిలిన ఊపిరి బయటికి పోవడానికే. వాటిని మూయకండి.

పొద్దున నోరు ఎండిపోతే నిద్రలో నోరు తెరుస్తున్నట్టు కావచ్చు. ముక్కు మీద పుండు పడితే మాస్కు సరిపోనట్టు. రెండూ డాక్టరుకు చెప్పండి. గాలి ఒత్తిడిని మాత్రం సొంతంగా మార్చకండి.

కొత్తలో సాయంత్రం పూట, మెలకువగా ఉన్నప్పుడు, కాసేపు పెట్టుకుంటే అలవాటవుతుంది. మాస్కు అంచును రోజూ సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.

మాస్కు కుదరకపోతే మాస్కు మార్చండి. మిషన్ మానకండి.