కనిపించని లెక్క సున్నా కాదు: డేటాబేస్ సర్వర్‌లో మాయమైన కౌంటర్లు తిరిగి వచ్చిన తీరు

రైలు టికెట్టు తీసుకున్నా, బ్యాంకు ఖాతా నుంచి సొమ్ము పంపినా, ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకున్నా ఆ వివరం చివరికి చేరేది ఏదో ఒక డేటాబేస్ సర్వర్‌కే. ఆ సర్వర్ ఆరోగ్యంగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి నిర్వాహకులు ప్రధానంగా ఆధారపడేది అది తన గురించి తాను చెప్పుకునే లెక్కల మీద. వీటినే స్టేటస్ కౌంటర్లు అంటారు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు వీటిలో ఒకటి చడీచప్పుడు లేకుండా మాయమైతే ఏమవుతుంది? ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న మరియాడీబీ సర్వర్ చరిత్రలో ఇందుకు ఒక ఉదాహరణ ఉంది.

కరెంటు మీటరు, జలాశయం నీటిమట్టం

స్టేటస్ లెక్కలు రెండు రకాలు. మొదటి రకం ఇంటి కరెంటు మీటరు వంటిది. అందులోని అంకె పెరుగుతూనే ఉంటుంది. ఈ నెల రీడింగ్ నుంచి గత నెల రీడింగ్ తీసివేస్తేనే వాడకం తెలుస్తుంది. అయితే సర్వర్‌ను ఆపి మళ్లీ ప్రారంభిస్తే ఈ అంకె సున్నా నుంచి మొదలవుతుంది. రెండవ రకం జలాశయం నీటిమట్టం వంటిది. అది పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ క్షణానికి ఎంత ఉన్నదో అదే ముఖ్యం.

సర్వర్‌కు ‘షో గ్లోబల్ స్టేటస్’ అనే ఆదేశం ఇస్తే ఈ రెండు రకాల లెక్కలూ వందల సంఖ్యలో ఒక పట్టికగా వస్తాయి. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ వాటిని నిర్ణీత వ్యవధుల్లో చదివి గ్రాఫులు గీస్తుంది. హద్దు దాటితే హెచ్చరిక పంపుతుంది.

మాయమైన రెండు లెక్కలు

మరియాడీబీ 2009లో మైఎస్‌క్యూఎల్ నుంచి విడివడి రూపుదిద్దుకుంది. 10.1 వెర్షన్ వరకు అందులో సమాచారాన్ని భద్రపరిచే ప్రధాన ఇంజిన్ ఎక్స్‌ట్రాడీబీ. ఇది ఇన్నోడీబీ అనే మూల ఇంజిన్‌కు పెర్కోనా సంస్థ మెరుగులు దిద్దిన రూపం. 2017లో స్థిరమైన విడుదలగా వచ్చిన 10.2 వెర్షన్‌లో మరియాడీబీ మళ్లీ ఇన్నోడీబీకే మారింది. ఎక్స్‌ట్రాడీబీలోని మెరుగుదలల్లో అధిక భాగం అప్పటికే ఇన్నోడీబీలోకి చేరాయన్నది ఈ మార్పునకు ఒక కారణం. కానీ ఎక్స్‌ట్రాడీబీ అదనంగా చూపుతూ వచ్చిన కొన్ని లెక్కలు స్టేటస్ పట్టిక నుంచి తొలగిపోయాయి. వాటిలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది ‘ఇన్నోడీబీ డెడ్‌లాక్స్’. ఒక లావాదేవీ మొదటి ఖాతాకు తాళం వేసి రెండవ ఖాతా కోసం వేచి ఉంది. అదే సమయంలో మరొక లావాదేవీ రెండవ ఖాతాకు తాళం వేసి మొదటిదాని కోసం వేచి ఉంది. ఈ ప్రతిష్టంభన దానంతట అది వీడదు. సర్వర్ దీనిని గుర్తించి ఒక లావాదేవీని రద్దు చేస్తుంది. రద్దయిన దానిని అప్లికేషన్ మళ్లీ ప్రయత్నించాలి. రోజుకు ఒకటి రెండు జరిగితే ఆందోళన అనవసరం. అవి గంట గంటకూ పెరుగుతుంటే మాత్రం అప్లికేషన్‌లో లోపం ఉన్నట్లే. ఆ పెరుగుదలను చూపేది ఈ కౌంటరే.

రెండవది ‘ఇన్నోడీబీ హిస్టరీ లిస్ట్ లెంగ్త్’. ఎవరో ఒకరు పాత వివరాలు చదువుతూ ఉండవచ్చునన్న జాగ్రత్తతో సర్వర్ మార్పులకు ముందున్న రూపాలను కొంతకాలం దాచి ఉంచుతుంది. అలా దాచినవి ఎంత మేరకు పేరుకుపోయాయో ఈ లెక్క చెబుతుంది. ఎవరైనా ఒక లావాదేవీని ముగించకుండా గంటల తరబడి వదిలేస్తే ఈ కుప్ప లక్షలకు చేరుతుంది. డిస్కు నిండుతుంది, సమాధానాలు మందగిస్తాయి. ఆ కాలపు వెర్షన్లలో ఒకసారి పెరిగిన ప్రధాన ఫైలు మళ్లీ దానంతట అది తగ్గేది కాదు.

ఖాళీ ఎందుకు ప్రమాదకరం?

పట్టికలో లేని కౌంటర్ పేరుతో వెతికితే సర్వర్ తప్పు చూపదు. ఖాళీ ఫలితం ఇచ్చి ఊరుకుంటుంది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని ఆ ఖాళీని సున్నాగా చూపుతాయి, మరికొన్ని గ్రాఫును ఖాళీగా వదిలేస్తాయి. ‘వంద దాటితే హెచ్చరించు’ అన్న నియమం అసలు అంకే లేనప్పుడు ఎన్నటికీ మోగదు. మీటరు తీసేసినంత మాత్రాన కరెంటు ఆగిపోదు. ఇక్కడ జరిగేదీ అదే. ప్రతిష్టంభనలు కొనసాగుతాయి, లెక్క మాత్రం కనిపించదు. హెచ్చరిక రాకపోవడాన్ని క్షేమంగా భావించడమే ఇందులోని అసలు ముప్పు.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. ‘షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్’ అనే ఆదేశం సుదీర్ఘమైన నివేదిక ఇస్తుంది. హిస్టరీ లిస్ట్ పొడవు అందులో ఉంటుంది. కానీ ప్రతిష్టంభనల విషయంలో చివరిగా జరిగిన ఒక్కదాని వివరమే అందులో ఉంటుంది, మొత్తం ఎన్ని జరిగాయో ఉండదు. పైగా అది మనుషులు చదవడానికి రాసిన వచనం. దాని నుంచి యంత్రం అంకెలు ఏరుకోవడం శ్రమతో కూడిన పని.

సరిదిద్దింది ఇలా

2020లో స్థిరమైన విడుదలగా వచ్చిన 10.5 వెర్షన్‌లో ఈ రెండింటితో పాటు మరికొన్ని లెక్కలను పట్టికలో మళ్లీ చేర్చారు. ఇటువంటి సవరణలో రెండు భాగాలుంటాయి. సంఘటన జరిగిన చోట లెక్క పెంచడం ఒకటి, ఆ విలువను పేరుతో సహా స్టేటస్ పట్టికకు అందించడం రెండవది. చాలా సందర్భాల్లో ఇంజిన్ లోపల లెక్క సాగుతూనే ఉంటుంది. దానిని బయటకు చూపే వరుస మాత్రమే ఉండదు.

లెక్క పెంచడంలోనూ మెలకువ అవసరం. కౌంటర్ వంద వద్ద ఉండగా రెండు పనులు ఒకేసారి దానిని చదివి, రెండూ నూట ఒకటి అని రాస్తే ఒక సంఘటన లెక్కలోంచి జారిపోతుంది. అందుకే విడదీయరాని ఒకే చర్యగా కూడిక జరిగేలా చూస్తారు, లేదా ఆ చోటికి తాళం వేసి ఒక్కరినే అనుమతిస్తారు. ఈ రక్షణ వల్ల సర్వర్ నెమ్మదించకుండా కూడా చూసుకోవాలి.

నిర్వాహకులు పాటించదగినవి

వెర్షన్ మార్చడానికి ముందు, మార్చిన తరువాత స్టేటస్ పట్టికలోని పేర్లను భద్రపరచి పోల్చి చూడాలి. ఏ పేరు పోయిందో, ఏది కొత్తగా వచ్చిందో నిమిషాల్లో తెలుస్తుంది. విలువ హద్దు దాటినప్పుడే కాక, విలువ అసలు అందనప్పుడు కూడా హెచ్చరిక వచ్చేలా నియమం రాసుకోవాలి. పోయిన లెక్కకు బదులుగా మరెక్కడ సమాచారం దొరుకుతుందో ముందే గుర్తించాలి. ప్రతిష్టంభనలన్నింటినీ లాగ్ ఫైలులో నమోదు చేసే సదుపాయం ఇన్నోడీబీలో ఉంది. అవసరమైతే దానిని వినియోగించుకోవచ్చు.

ఎక్స్‌ట్రాడీబీ చూపిన ప్రతి లెక్కా తిరిగి రాలేదు. కనుక పాత గ్రాఫులు 10.5లో వాటంతట అవే నిండుతాయని అనుకోరాదు. గ్రాఫు ఖాళీగా ఉన్నప్పుడు ‘ఏమీ జరగలేదా, లేక ఏమీ లెక్కించలేదా’ అన్న ప్రశ్న నిర్వాహకులు వేసుకోవాలి. ఆ రెండింటి మధ్య తేడాను సర్వర్ తనంతట తాను చెప్పదు.