మేడిగడ్డ చిట్టా

2023 అక్టోబర్ 21, శనివారం. బతుకమ్మ పండుగ రోజులు. పొద్దుగూకాక మహదేవ్‌పూర్ మండలం అంబట్‌పల్లి దగ్గర, గోదావరి మీది మేడిగడ్డ బరాజ్‌లో పెద్ద శబ్దమైంది. ఏడో బ్లాకులో 20వ పియర్ కుంగింది. తాడు పట్టి కట్టినట్టుండే వంతెన పిట్టగోడ ఒకచోట కిందికి జారి, మళ్లీ పైకి లేచినట్టు కనబడింది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

మరునాడు మహదేవ్‌పూర్ ఠాణాలో కేసు నమోదైంది. పేలుడు లాంటి శబ్దం వచ్చిందని, కుట్ర ఉండొచ్చని నీటిపారుదల ఇంజినీరు ఫిర్యాదు. నిందితులు గుర్తు తెలియని వ్యక్తులు. సర్కారు సొమ్ము నీళ్లపాలైనప్పుడల్లా మన దగ్గర ముందుగా దొరికేది ఈ గుర్తు తెలియని మనిషే. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ బృందం మూడు రోజుల్లోనే వచ్చి చూసి, నవంబర్ 1న నివేదిక ఇచ్చింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయని అందులో రాసింది. గుర్తు తెలియని మనిషి అంతటితో కనుమరుగయ్యాడు. గుర్తు తెలిసినవాళ్ల వంతు మొదలైంది.

అసలు బరాజ్ ఇక్కడెందుకు వచ్చిందో తెలియాలంటే నది వెంట ఎగువకు, పాత ఆదిలాబాద్ జిల్లాకు పోవాలె. ఉమ్మడి రాష్ట్రంలో అనుకున్న ప్రాణహిత-చేవెళ్ల పథకంలో బరాజ్ కట్టాల్సింది కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర. 152 మీటర్ల ఎత్తుకు మహారాష్ట్ర ఒప్పుకోలేదు. అక్కడ సరిపడా నీళ్లు కూడా లేవన్నది తెలంగాణ వచ్చాక ఏర్పడ్డ ప్రభుత్వం వాదన. పథకం రూపు మార్చి, ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం దిగువకు బరాజ్‌ను తెచ్చారు. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల అని మూడు బరాజ్‌లు లేచాయి. మేడిగడ్డ ఒక్కదానికే 85 గేట్లు.

ఈ మార్పును శాసనసభ ఎట్లా చూసిందో గుర్తుందా? 2016 మార్చి 31న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు సభలో తెర పెట్టి, మ్యాపులతో పవర్‌పాయింట్ ప్రజెంటేషన్ ఇచ్చారు. ప్రధాన ప్రతిపక్షం కాంగ్రెస్ ఆ రోజు సభకే రాలేదు. ముఖ్యమంత్రి అంత ఓపికగా నదుల లెక్క చెప్పడం బాగానే ఉంది. కానీ తెర మీది బొమ్మను సభ్యుడు నిలదీయలేడు. నిలదీయాల్సినవాళ్లు బయట ఉంటే ఆ మాట కూడా అనక్కరలేదు. నన్నడిగితే మేడిగడ్డలో మొదటి పగులు పడ్డది ఆ రోజే. అందులో రెండు పక్షాలకూ వాటా ఉంది.

సభ చేతిలో ఉన్న అసలు ఆయుధం తిజోరీ తాళం. పద్దు పెట్టి, సభ ఒప్పుకుంటేనే సర్కారు పైసా ఖర్చు పెట్టాలె. కాళేశ్వరం అని పేరు పడ్డ ఈ పథకానికి ఆ తాళంతో పెద్దగా పని పడలేదు. కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్ట్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పెట్టి, దాని పేరు మీద బ్యాంకులతో, ఆర్థిక సంస్థలతో 87,449 కోట్ల రూపాయల అప్పులకు ఒప్పందాలు చేసుకున్నారు. సంస్థకు సొంత రాబడి లేదు. కట్టాల్సింది ఖజానాయే, కానీ అప్పు మాత్రం బడ్జెట్ బయట.

ఇది రాసింది ఏ ప్రతిపక్షమో కాదు, కాగ్. 2024 ఫిబ్రవరి 15న సభ ముందుకొచ్చిన ఆ నివేదికలో ఇంకో లెక్క ఉంది. కేంద్ర జలసంఘానికి చూపిన అంచనా 81,911 కోట్లు. మొత్తం పూర్తయ్యేసరికి 1,47,427 కోట్లు దాటుతుంది. పెట్టిన రూపాయికి తిరిగొచ్చేది 52 పైసలు. ఆడిటర్ పోస్ట్‌మార్టం డాక్టర్ లాంటివాడు. ఎందుకు పోయిందో బాగా చెప్తాడు, పోయినదాన్ని లేపలేడు.

అంతకు రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 13న, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఎమ్మెల్యేలను బస్సుల్లో మేడిగడ్డకు తీసుకుపోయారు. ఈసారి రానిది, ప్రతిపక్షంలోకి మారిన చంద్రశేఖర్ రావు పార్టీ బీఆర్ఎస్. ఆ రోజు వాళ్ల బహిరంగ సభ నల్లగొండలో. మార్చి 1న వాళ్ల బస్సులు వేరుగా వచ్చాయి. ఒకే పియర్‌ను రెండు పార్టీలు రెండుసార్లు చూశాయి, కలిసి ఒక్కసారీ చూడలేదు. కాగ్ నివేదికను తరచి చూడాల్సిన పబ్లిక్ అకౌంట్స్ కమిటీదీ అదే తంతు. లోక్‌సభలో 1967 నుంచి ఆ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడ ఎమ్మెల్యే అరెకపూడి గాంధీకి ఇస్తే, ఆయన ప్రతిపక్షమా పాలకపక్షమా అన్నదే పెద్ద పంచాయితీ అయింది.

2024 మార్చిలో విచారణ కమిషన్ వేశారు. అధ్యక్షుడు జస్టిస్ పినాకి చంద్ర ఘోష్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసి, సుప్రీంకోర్టులో కూర్చుని, 2019లో దేశానికి మొట్టమొదటి లోక్‌పాల్ అయిన మనిషి. 1809లో స్వీడన్ పార్లమెంటు తెచ్చిన అంబుడ్స్‌మన్ పద్ధతికి మన దేశంలో జాతీయ స్థాయి లోక్‌పాల్‌గా దొరికిన తొలి మొహం ఆయనదే. అయితే ఇక్కడికి లోక్‌పాల్ అధికారాలతో రాలేదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద ఆయన వినొచ్చు, రాయొచ్చు, శిక్ష వేయలేరు. హైదరాబాద్‌ బీఆర్‌కే భవన్‌లో ఇంజినీర్లు, అధికారులు వరుసగా సాక్ష్యం చెప్పారు. 2025 జూన్‌లో, ప్రాజెక్టు మొదలైనప్పటి ఆర్థిక మంత్రి ఈటల రాజేందర్, నీటిపారుదల మంత్రి హరీశ్ రావు హాజరయ్యారు. జూన్ 11న చంద్రశేఖర్ రావు వచ్చారు. ఆయన విచారణ తలుపులు మూసి సాగింది. మేడిగడ్డ ఒక్కటే కాళేశ్వరం కాదు, రిజర్వాయర్లు, సొరంగాలు, పంపుహౌస్‌లు అన్నీ కలిపితే కాళేశ్వరం అన్నది వాళ్ల పార్టీ వాదన. కొట్టిపారేయాల్సిన మాట కాదది. కానీ దర్వాజ విరిగిన ఇంట్లో మిగతా గదులు బాగున్నాయంటే దొంగ ఆగడు.

జూలై 31న నివేదిక అందింది. ఆగస్టు 31న సభలో చర్చ మొదలై అర్ధరాత్రి దాటింది. చివరికి సీబీఐకి అప్పగిస్తామన్నారు. తెలంగాణలో సీబీఐకి సాధారణ అనుమతి 2022లోనే రద్దయింది కాబట్టి, ఈ కేసు కోసం కొత్తగా అనుమతి ఉత్తర్వు రాయాల్సి వచ్చింది. ఎవరిని తప్పుబట్టబోతున్నారో వాళ్లకు చట్టంలోని 8బి సెక్షన్ కింద ముందే నోటీసు ఇవ్వాలని, తమకు ఇవ్వలేదని మాజీ ముఖ్యమంత్రి, మాజీ మంత్రి హరీశ్ రావు హైకోర్టుకెక్కారు. సెప్టెంబర్ 2న కోర్టు, తదుపరి విచారణ దాకా ఆ నివేదిక ఆధారంగా వాళ్ల మీద చర్య వద్దంది. కోర్టు పట్టింపు న్యాయమైనదే. నోటీసు ఇవ్వకుండా వేసిన నింద రేపు ఎవరి మీదైనా పడొచ్చు.

కోర్టుల ముందుకు ఈ కథ అంతకుముందే వచ్చింది. పర్యావరణ అనుమతి లేకుండా పనులు మొదలుపెట్టారని 2017 అక్టోబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమంది. డిసెంబర్‌లో అనుమతి వచ్చింది. చట్టాన్ని అతిక్రమించారని అదే ట్రిబ్యునల్ 2020 అక్టోబర్ 20న తీర్పు చెప్పేసరికి, ప్రాజెక్టు ప్రారంభోత్సవమై ఏడాది దాటిపోయింది.

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి శివుడిది, రెండోది యముడిది. పాపపుణ్యాల చిట్టా రాయించే దేవుడు ఇక్కడే కొలువున్నాడు. ఆయన పద్దులో చెన్నూరు, కోటపల్లి రైతులు ఏ పేజీలో ఉన్నారో మరి. బరాజ్‌ల వెనక నీళ్లు ఎగదన్నినప్పుడల్లా మునిగేది వాళ్ల పత్తి చేలు. ఘోష్ కమిషన్‌కు అప్పగించినవి మూడు బరాజ్‌ల ప్రణాళిక, డిజైన్, కట్టుబడి, నిర్వహణ. మునిగిన చేను పరిహారం అందులో లేదు. దానికి మంచిర్యాల కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంది. అర్జీ, పట్టాదారు పాస్‌పుస్తకం జిరాక్స్, ఆధార్ జిరాక్స్ కలిపి పిన్ను కొట్టి ఇవ్వాలె. తీసుకున్నట్టు ఒక రశీదు ఇస్తారు.

ఎగువన తుమ్మిడిహెట్టి నుంచి మైలారం దాకా 71 కిలోమీటర్ల కాలువ అనుకున్నారు. కొంత తవ్వారు కూడా. అందులో వానాకాలం నిలిచే నీళ్లు తప్ప ప్రాణహిత నీళ్లు ఇంకా రాలేదు.