వేసవిలో పచ్చగా నిలిచిన దుబ్బే విత్తనానికి తల్లి



మాఘమాసం వెళ్ళితే మన మెట్ట ప్రాంతాల బీళ్ళు ఎండిపోతాయి. మేత చాలక పాడిగొడ్డును సంతలో అయినకాడికి అమ్ముకొని, తొలకరికి అప్పుచేసి మరొకదాన్ని కొనేవారు ఎందరో ఉన్నారు. అట్టి రైతుకు అక్కరకు వచ్చే గడ్డి అంజన్ గడ్డి. వేళ్ళు లోతుకు దిగుతాయి గనుక బెట్టకు తట్టుకుంటుంది. ఒకసారి వేస్తే మోడు నుండి ఏటేటా చిగురిస్తుంది. తేలికపాటి ఎర్రనేలలు, గరుపనేలలు దీనికి అనుకూలం. నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు.

ఈ గడ్డిలో ఒక వింత ఉన్నది. సజ్జలో పక్కచేని పుప్పొడి కలిస్తే పిల్లమొక్క మారిపోతుంది గదా! అంజన్‌లో అలా కాదు. విత్తులోని పిండం సాధారణంగా తల్లి కణం నుండే పుడుతుంది. పిల్ల అచ్చం తల్లే. అందుచేత సంకరం చేయడం శాస్త్రజ్ఞులకు కష్టమైనా, మంచి తల్లిని ఏరుకోవడం రైతుకు సులభం.

మొదటి విత్తనాన్ని పశుసంవర్ధక శాఖవారినో, పరిశోధనా స్థానంవారినో అడిగి తెచ్చుకోండి. ఎకరానికి సుమారు 2 కిలోలు చాలు. నూగు విత్తనం గనుక తడి ఇసుకతో కలిపి, అర మీటరు ఎడంగా సాళ్ళలో చల్లండి. పైన ఒక సెంటీమీటరుకు మించి మన్ను కప్పవద్దు. మొదటి ఏడు గొడ్లను తోలవద్దు; వేళ్ళు పట్టకముందే దుబ్బులు ఊడివస్తాయి.

మరుసటి ఏప్రిల్‌లో చేను చుట్టిరండి. ఆకు పచ్చగా నిలిచిన దుబ్బులకు గుడ్డపేలిక కట్టండి. కాలువ పక్కనున్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ పచ్చదనం నీటిది, జాతిది కాదు. వానలు పడ్డాక పేలిక కట్టినవాటి విత్తనమే దూసుకోండి. కొత్త విత్తనం సరిగా మొలవదు. కనీసం ఆరు నెలలు నిలవ ఉంచి, వచ్చే తొలకరికి చల్లండి.

మిగిలిన గడ్డిని పూతకు వచ్చేటప్పుడే బెత్తెడు మోడు విడిచి కోయవలెను. ముదిరితే సారం తగ్గుతుంది. తిరగవేస్తూ ఆరబెట్టి, పిడికెడు మెలిపెడితే కాడ పుటుక్కున విరిగినప్పుడే వామి వేయండి. పచ్చి మిగిలితే వామి లోపల వేడెక్కి బూజుపడుతుంది.

విస్తరణ సిబ్బందికొక మనవి: ఊరికొక రైతుచేత పది సెంట్లలోనైనా దీన్ని వేయించండి. వేసవిలో పదిమందికీ ఆ మడిని చూపించండి. చెప్పినదానికంటె చూచినదాన్నే రైతు నమ్ముతాడు.