ఫర్నేసు పక్కన రెండు తీగల మాట

చీపురుపల్లి ప్రాంతంలోని కోడూరులో 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలో ఈ ఖనిజం తవ్వకాలకు అదే ఆరంభం. అక్కడి రాతికి భూవిజ్ఞాని ఫెర్మర్ ‘కోడురైట్’ అని ఊరి పేరే పెట్టాడు. ఆ ఖనిజం అండతోనే 1950లలో గరివిడి శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అంటే జనం నోట ‘ఫేకర్’, వెలిసింది.

ఇలాంటి కర్మాగారాల్లో ఫెర్రో మాంగనీసు లాంటివి తయారయ్యేది సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ ఫర్నేసులో. ఖనిజం, కోక్ కలిసిన రాశిలో మూడు కార్బన్ ఎలక్ట్రోడ్లు దిగబడి ఉంటాయి. వోల్టేజీ వందల్లోనే, కరెంటు మాత్రం పదుల వేల ఆంపియర్లు. ఆ కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం దగ్గర్లోని ప్రతి తీగలోనూ కాస్త చికాకు వోల్టేజీ పుట్టిస్తుంది. ఇలాంటి చోట కరెంటు మీటర్ల రీడింగులు కంట్రోల్ రూమ్‌లోని పీఎల్‌సీకి, అంటే యంత్రాలను నడిపే కంప్యూటరుకు చేరాలి. ఒక్కో రీడింగుకు ఒక్కో కేబుల్ లాగితే ట్రే నిండిపోతుంది. అందుకే పీఎల్‌సీ పక్కన సీరియల్ మాడ్యూల్ తగిలిస్తారు. అంకెలను బిట్లుగా విడగొట్టి, ఒకదాని వెనుక ఒకటిగా పంపడమే దాని పని.

పాత ఆర్‌ఎస్-232 పద్ధతిలో సంకేతాన్ని గ్రౌండు తీగతో పోల్చి చదువుతారు. పదిహేను మీటర్లు దాటితే దానిమీద భరోసా తక్కువ. 1983లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌ఎస్-485 మెలివేసిన రెండు తీగల మధ్య తేడానే చూస్తుంది. అల వస్తే పడవలో నిలబడ్డ ఇద్దరూ కలిసే లేస్తారు, వాళ్ల ఎత్తుల తేడా మారదు. ఫర్నేసు చికాకు కూడా రెండు తీగలనూ దాదాపు ఒకేలా తాకుతుంది గనుక తేడా నిలుస్తుంది. 0.2 వోల్టు తేడా ఉంటే రిసీవరుకు చాలు. నిదానమైన వేగంలో 1200 మీటర్ల దాకా పోతుంది.

తీగలు కలిపినంత మాత్రాన మాట కలవదు. ఎక్కువచోట్ల వాడే భాష మోడ్‌బస్. మోడికాన్ సంస్థ దీన్ని 1979లో తెచ్చింది, ఇప్పటికీ చెలామణీలోనే ఉంది. బాడ్ రేటు (బిట్లు పంపే వేగం), ప్యారిటీ (తప్పు పట్టే బిట్), స్టాప్ బిట్లు (ముగింపు గుర్తు) మాడ్యూల్‌లోనూ మీటర్లోనూ అక్షరాలా ఒకటే ఉండాలి. ప్రతి మీటరుకూ 1 నుంచి 247 లోపు వేరే నంబరు ఇవ్వాలి. ఒకే నంబరు రెండింటికి ఇస్తే రెండూ ఒకేసారి బదులిచ్చి మాట చెడగొట్టుకుంటాయి. మీటరులో ఒక్కో రీడింగు ఉండే గడిని రిజిస్టరు అంటారు. మీటరు పుస్తకంలో 40001 అని ఉన్న రిజిస్టరును కొన్ని సాఫ్ట్‌వేర్లు 0 అని అడగమంటాయి. ఈ ఒక్క అంకె తేడాతో పక్క రీడింగు వచ్చి కూర్చుంటుంది. ఏ ఎర్రర్ దీపమూ వెలగదు కాబట్టి నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు.

కేబుల్ ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు వరసగా సాగాలి, మధ్యలో కొమ్మలు పెట్టకూడదు. రెండు చివరల్లో మాత్రమే 120 ఓముల రెసిస్టర్ పెట్టాలి. కేబుల్ చుట్టూ ఉండే లోహపు షీల్డును సాధారణంగా ఒకవైపే ఎర్త్ చేస్తారు. సప్లై ఆపి రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓములు చూపాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదన్నమాట, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారన్నమాట. తయారీదారులందరూ ఆ రెండు తీగలకు ఏ, బి గుర్తులు ఒకేలా వేయరు. మాడ్యూల్ మీద పంపే దీపం మినుకుమంటూ, అందుకునే దీపం వెలగకపోతే ముందు ఆ రెండు తీగలు మార్చి చూడండి, మామూలుగా ఏమీ కాలిపోదు. తర్వాత బాడ్ రేటు, నంబరు చూసుకోండి. బదులు వస్తూ అందులో ఎక్సెప్షన్ కోడ్ 2 ఉంటే లైను బాగుందని అర్థం, అడిగిన రిజిస్టరే ఆ మీటర్లో లేదు.

వేగం గురించి ఎక్కువ ఆశించకూడదు. 9600 బాడ్ వద్ద ఒక మీటరును అడిగి రెండు రిజిస్టర్లు తెచ్చుకోవడానికి సుమారు 30 మిల్లీసెకన్లు. అలాంటి ఇరవై మీటర్లనూ వరసగా అడిగి వచ్చేసరికి అర సెకను దాటుతుంది. కంట్రోల్ రూమ్ తెరకీ, లాగ్ పుస్తకానికీ ఇది సరిపోతుంది. ఫర్నేసును తక్షణం ట్రిప్ చేసే పని మాత్రం ఈ లైనుకు అప్పజెప్పకూడదు, దానికి విడిగా రిలే వైరింగు ఉండాల్సిందే.

డిప్లొమా ముగించి ప్లాంట్లలో చేరబోయే మన పిల్లలకు ఒక మనవి: లైను పలికిన రోజునే బాడ్ రేటు, ప్యారిటీ, మీటరు నంబర్లు ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి.